గుమ్మడికాయల దొంగ, ఎర్ర తివాచీ: పాత కామిక్స్‌లో నవ్వూ నేరపరిశోధనా

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, భోంచేసి కాసేపు నడుం వాల్చే వేళ, ఎప్పుడో 80 ఏళ్ల కిందటి కామిక్ పుస్తకాల గురించి వినడానికి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

మనందరికీ తెలిసిన సామెతతో మొదలుపెడతాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. చిన్నప్పటి నుంచీ వింటున్నాం, ఎవరినో దెప్పడానికి వాడేస్తుంటాం, కానీ దాని లోపల ఏముందో ఒక్కసారి ఆగి చూడండి. బూడిద గుమ్మడికాయ మీద తెల్లటి పొడి ఉంటుంది. కాయని భుజాన వేసుకుని మోసినవాడికి ఆ పొడి అంటుకుంటుంది. ఊళ్లో దొంగతనం జరిగింది, ఎవరు చేశారో తెలీదు, గుంపులోంచి ఒకరు దొంగ మాటెత్తగానే ఒకడి చెయ్యి గబుక్కున భుజం మీదికి పోయింది. అంతే, కేసు తేలిపోయింది. ఒక్క వాక్యంలో నేరం ఉంది, ఆధారం ఉంది, విచారణ ఉంది, దొంగ దొరకడం కూడా ఉంది. మరి మనకి నవ్వు ఎక్కడొస్తుంది? ఆ చెయ్యి భుజం మీదికి పోయినప్పుడే. దొంగ దొరికేదీ మనం నవ్వేదీ ఒకే క్షణం.

నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఇదే. డిటెక్టివ్ కథలో హాస్యం అంటే మధ్యలో కాస్త రిలీఫ్ కోసం వేసే తాలింపు అని చాలామంది అనుకుంటారు. కథ సీరియస్‌గా నడుస్తుంది, అసిస్టెంట్ ఒకడు తడబడతాడు, మనం నవ్వుతాం, మళ్లీ కథలోకి వెళతాం. పాత అమెరికన్ కామిక్ పుస్తకాలు, ముఖ్యంగా 1940ల నాటివి, చదువుతూ చదువుతూ నాకు ఆ అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. వాటిలో మంచివాళ్లు గీసిన పేజీల్లో నవ్వించేదీ దొంగని పట్టించేదీ ఒకటే: కళ్లెదురుగా ఉన్నదాన్ని ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అన్నది.

నవలతో పోల్చి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. మనలో చాలామంది కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు కథలు చదివినవాళ్లమే. నవలలో రచయిత చెప్పిందే మనకి కనిపిస్తుంది. గదిలో బల్ల మీద గాజు గ్లాసు ఉందని ఆయన రాస్తే ఉన్నట్టు, రాయకపోతే లేనట్టు. పైగా రాశాడంటేనే మనకి అనుమానం మొదలవుతుంది, ఈ గ్లాసు సంగతి ఎందుకు చెప్పాడు, ఇందులో ఏదో ఉంది అని. కామిక్‌లో ఆ సమస్య లేదు. గది బొమ్మ గియ్యాలంటే కుర్చీ గియ్యాలి, దీపం గియ్యాలి, తివాచీ, కిటికీ తెర, గోడ మీద పటం, అన్నీ గియ్యాలి. గీశాడు కదా అని మనం ఏ ఒక్కదాన్నీ అనుమానించం. అందుకే బొమ్మలో ఆధారాన్ని దాచడం చాలా సులువు, చాలా కష్టం కూడా. సులువు ఎందుకంటే అన్నిటి మధ్యా పెట్టేస్తే చాలు. కష్టం ఎందుకంటే పాఠకుడు ఎప్పుడైనా సరే వెనక్కి వెళ్లి అదే బొమ్మని ఇంకోసారి చూడగలడు, అక్కడ ఉందా లేదా అని పరీక్షించగలడు. అక్కడ మోసం చెయ్యడానికి వీల్లేదు.

కొంచెం చరిత్ర. త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే నేను అసలు చెప్పాల్సిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు.

1937 మార్చి తేదీతో 'డిటెక్టివ్ కామిక్స్' మొదటి సంచిక వచ్చింది. వెల 10 సెంట్లు. ఇప్పుడు డీసీ అని మనం పిలిచే కంపెనీ పేరు ఈ పుస్తకం పేరులోంచి వచ్చిందే. బ్యాట్‌మ్యాన్ అందులోకి వచ్చింది 27వ సంచికలో, 1939 మే నెల తేదీతో. అంతకుముందు రెండేళ్లు ఆ పుస్తకాన్ని మామూలు డిటెక్టివ్‌లే నడిపించారు. వాళ్లలో స్లామ్ బ్రాడ్లీ అని ఒకడు. ఇతన్ని సృష్టించింది జెర్రీ సీగెల్, జో షూస్టర్, అంటే ఏడాది తర్వాత సూపర్‌మ్యాన్‌ని లోకానికి ఇచ్చిన ఇద్దరే. స్లామ్ బ్రాడ్లీ ముందు చెయ్యి చేసుకుని తర్వాత ఆలోచించే రకం. అతని వెనకాల షార్టీ మోర్గాన్ అని ఒక పొట్టివాడు, వద్దన్నా వినకుండా నీకు అసిస్టెంట్‌గా ఉంటానని పట్టుబట్టి వెంటపడతాడు. గమనించండి, ఈ పుస్తకం పుట్టినరోజు నుంచే డిటెక్టివ్ పక్కన నవ్వించేవాడు ఒకడున్నాడు. ఆ మొదటి సంచిక ముఖచిత్రం మీదా, స్లామ్ కథలోనూ చైనావాళ్లని దుర్మార్గుల మూసలో పోసి చూపించారు. ఇప్పుడు చూస్తే బాధేస్తుంది. ఆ రోజుల కామిక్స్ గురించి మాట్లాడేటప్పుడు దాన్ని దాటేసి పోవడం సరికాదని నా అభిప్రాయం.

ఆల్ఫ్రెడ్ సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. బ్యాట్‌మ్యాన్ ఇంట్లో పనిచేసే ఆ హుందా అయిన ముసలాయన మనందరికీ సినిమాల వల్ల తెలుసు. ఆయన 1943లో 'బ్యాట్‌మ్యాన్' 16వ సంచికలో మొదటిసారి గుమ్మంలోకి అడుగుపెట్టినప్పుడు ఎలా ఉన్నాడో తెలుసా? బొద్దుగా, గుండ్రంగా, మీసం లేకుండా, తనకి తాను గొప్ప డిటెక్టివ్‌నని గట్టిగా నమ్మే అమాయకుడిగా. ఎవరూ పిలవకుండానే బ్రూస్ వేన్ ఇంటికి వచ్చేశాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద డిటెక్టివ్ ఇంట్లో, డిటెక్టివ్ కావాలని తహతహలాడే వంటింటి మనిషి! ఆ ఇంటి రహస్యం అతనికి తెలియడం కూడా పరిశోధన చేసి కాదు, అనుకోకుండా తెలిసిపోయింది. అదే ఏడాది థియేటర్లలో బ్యాట్‌మ్యాన్ సీరియల్ ఆడింది. అందులో ఆల్ఫ్రెడ్ వేషం వేసిన నటుడు విలియం ఆస్టిన్ సన్నగా, మీసంతో ఉండేవాడు. దాంతో కామిక్‌లో కూడా మార్చక తప్పలేదు. 1944 జనవరి తేదీతో వచ్చిన 'డిటెక్టివ్ కామిక్స్' 83లో ఆల్ఫ్రెడ్ సెలవు పెట్టి వెళ్లి, ఒళ్లు తగ్గించుకుని, మీసం పెంచుకుని తిరిగొచ్చాడు. ఆ తర్వాత కొంతకాలం అతనికి విడిగా చిన్న చిన్న హాస్య కథలు కూడా వేశారు, అన్నిట్లోనూ అతను డిటెక్టివే. నాకు ఆ కథలంటే చాలా ఇష్టం. ఆధారాన్ని తప్పుగా అర్థం చేసుకుని సరైన దొంగ మీద వెళ్లి పడే మనిషి కథ అది, రాయడం అంత తేలిక కాదు.

సరే, ఇప్పుడు విల్ ఐస్నర్ అనే కామిక్స్ రచయిత, చిత్రకారుడి దగ్గరికి వద్దాం.

1940 జూన్ 2న అమెరికాలో కొన్ని ఆదివారం దినపత్రికలతో పాటు 16 పేజీల కామిక్ పుస్తకం ఒకటి ఉచితంగా వచ్చింది. మన ఆదివారం అనుబంధాల్లాగా అనుకోండి. అందులో మొదటి కథ ఐస్నర్ సృష్టించిన 'ది స్పిరిట్'. డెనీ కోల్ట్ అనే డిటెక్టివ్ చనిపోయాడని అందరూ అనుకుంటారు, పాతిపెట్టేస్తారు కూడా, కానీ అతను బతికే ఉంటాడు, వైల్డ్‌వుడ్ శ్మశానంలో తన సమాధి కిందే కాపురం పెడతాడు. నీలం సూటు, టోపీ, కళ్లకి చిన్న ముసుగు. ఆ ముసుగు కథ ఐస్నర్ తర్వాత చాలాసార్లు చెప్పాడు: అతనికి మామూలు మనుషుల కథలు రాయాలని ఉంది, పబ్లిషర్‌కి మాత్రం వేషం వేసుకున్న హీరో కావాలి, మీవాడికి డ్రెస్ ఉందా అని ఫోన్‌లో అడిగితే, ముసుగుంది అని చెప్పి ఊరుకున్నాడట. ఆ స్ట్రిప్ 12 ఏళ్లు, 1952 అక్టోబర్ దాకా, వారం వారం ఏడెనిమిదేసి పేజీల్లో వచ్చింది, సైన్యంలో ఉన్న కాలం తప్పిస్తే ఆ చిన్న ముసుగు అడ్డం పెట్టుకుని తను రాయాలనుకున్నదంతా రాసుకున్నాడు.

స్పిరిట్ ఎప్పుడూ దెబ్బలు తింటూనే ఉంటాడు. కోటు చిరుగుతుంది, టోపీ ఎగిరిపోతుంది, మెట్ల మీంచి దొర్లిపోతాడు, ఆడవాళ్ల దగ్గర నోరు పెగలదు. హీరో నవ్వులపాలయ్యాడే అని మనకి అనిపించదు, పాపం మనలాంటివాడే అనిపిస్తుంది. పోలీస్ కమిషనర్ డోలన్ పైప్ కాలుస్తూ అతని మీద విసుక్కుంటూ ఉంటాడు, అచ్చం ఇంట్లో పెద్దాయన లాగా.

ఇక్కడ కూడా ఒక మాట చెప్పాలి. స్పిరిట్ పక్కన ఎబనీ వైట్ అనే నల్లజాతి కుర్రాడు ఉంటాడు. తెలివైనవాడు, ధైర్యవంతుడు, కొన్ని కథలు మొత్తం అతనే నడుపుతాడు. కానీ అతని మొహం గీసిన తీరు, మాట్లాడించిన తీరు ఆ రోజుల్లో నల్లవాళ్లని ఎగతాళి చెయ్యడానికి వాడిన తీరే. నవ్వు గురించి మాట్లాడుతున్నాం కాబట్టి చెబుతున్నాను, మనిషి ఒంటి రంగుని, పెదాల్ని చూపించి నవ్వమనడంలో చూడటానికి ఏమీ ఉండదు. కనిపెట్టడానికి ఏమీ ఉండదు. ఐస్నర్ గొప్పతనం మిగతా పేజీల్లో ఉంది, ఆ బొమ్మల్లో మాత్రం లేదు.

ఆ మిగతా పేజీల్లో ఒక్క కథ చెబుతాను. 1948 సెప్టెంబర్ 5న వచ్చింది, గెర్హార్డ్ ష్నాబుల్ అనే అతని కథ. ష్నాబుల్‌కి చిన్నప్పుడే తెలుసు, తను ఎగరగలడని. ఇంట్లోవాళ్లు అలాంటి పిచ్చి పనులు మానేసి అందరిలా ఉండమంటారు. మానేస్తాడు, మర్చిపోతాడు కూడా. పెద్దయ్యాక బ్యాంకులో వాచ్‌మన్ ఉద్యోగం చేసుకుంటూ ఉంటాడు, ఏళ్లు గడుస్తాయి, ఒకరోజు దొంగతనం జరగడంతో ఆ ఉద్యోగమూ పోతుంది. అప్పుడు గుర్తొస్తుంది, అరే, నేను ఎగరగలను కదా అని. అందరికీ చూపిద్దామని పెద్ద బిల్డింగ్ పైకి ఎక్కుతాడు. అదే డాబా మీద స్పిరిట్ దొంగలతో తలపడుతుంటాడు. ష్నాబుల్ గాల్లోకి లేచి, ఆనందంగా ఎగురుతుంటే, ఆ కొట్లాటలో దారి తప్పిన తూటా ఒకటి తగులుతుంది. కింద పడి చనిపోతాడు. అతను ఎగిరాడన్న సంగతి ఎవరికీ తెలియదు. కింద జనం చూడలేదు, దొంగలు చూడలేదు, డిటెక్టివ్ కూడా చూడలేదు. చూసింది ఒక్క మనం మాత్రమే.

నేను ఈ కథ మొదటిసారి చదివినప్పుడు ఆఖరి పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయాను. పొట్టి లావుపాటి మనిషి చేతులు చాపుకుని మేడల మధ్య ఎగురుతున్న ఆ బొమ్మ చూస్తే నవ్వొస్తుంది, ఆ నవ్వు మొహం మీద ఉండగానే తూటా వచ్చేస్తుంది. డిటెక్టివ్ కథలో డిటెక్టివ్‌ని పక్కకి నెట్టేసి, చూసే పని మొత్తం పాఠకుడికి అప్పగించేశాడు ఐస్నర్, అదీ ఏడు పేజీల్లో.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న మనిషి, జాక్ కోల్.

1914 డిసెంబర్ 14న పెన్సిల్వేనియాలో న్యూ కాజిల్ అనే ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడు పోస్టు ద్వారా బొమ్మలు నేర్పే కోర్సు ఒకటుండేది, దానికి డబ్బు కట్టాలి, నాన్న ఇవ్వనన్నాడు. ఈ కుర్రాడు ఏం చేశాడంటే, ఒక పుస్తకం లోపల కాయితాలు కోసేసి డొల్ల చేసి, అందులో ఇంట్లో చేసిన సాండ్‌విచ్‌లు పెట్టుకుని బడికి పట్టుకెళ్లి, మధ్యాహ్నం భోజనానికని ఇచ్చిన డబ్బు దాచి ఫీజు కట్టాడు. చేతిలో పుస్తకం అందరికీ కనిపిస్తూనే ఉంది, లోపల ఏముందో ఎవరికీ తెలీదు! ఈ విషయం నాకు తెలిసినప్పటి నుంచీ అతని బొమ్మలు చూసినప్పుడల్లా ఆ డొల్ల పుస్తకమే గుర్తొస్తుంది. 17 ఏళ్లప్పుడు సైకిల్ మీద ఒక్కడే లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లి తిరిగొచ్చాడు, రానూ పోనూ దాదాపు 7,000 మైళ్లు. తర్వాత కొన్నాళ్లు డబ్బాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసి, 1936లో భార్య డొరతీతో కలిసి న్యూయార్క్ చేరాడు.

అక్కడ చివరికి క్వాలిటీ కామిక్స్ అనే కంపెనీలో కుదురుకున్నాడు. యజమాని ఎవరెట్ ఆర్నాల్డ్, అందరూ బిజీ ఆర్నాల్డ్ అనేవారు. స్పిరిట్ వ్యాపారంలో ఐస్నర్‌కి భాగస్వామి కూడా ఈయనే. ఐస్నర్‌ని సైన్యంలోకి తీసుకుపోతే స్పిరిట్ ఏమవుతుందోనన్న టెన్షన్‌తో, అచ్చం అలాంటి హీరోనే ఇంకొకణ్ణి తయారుచెయ్యమని కోల్‌కి పురమాయించాడు. అలా 1941 జనవరి తేదీతో 'మిడ్‌నైట్' వచ్చాడు. అదే సూటు, అదే టోపీ, అదే ముసుగు. కానీ కోల్ చెయ్యి ఊరుకోదు కదా, మిడ్‌నైట్‌కి మాటలొచ్చిన కోతిని తోడిచ్చాడు. నకలు చెయ్యమంటే కొత్తది పుట్టించాడు.

అదే ఏడాది ఆగస్టు తేదీతో 'పోలీస్ కామిక్స్' మొదటి సంచిక. లోపల ఎక్కడో ఆరు పేజీల కథ ఒకటి, ముఖచిత్రం మీద ఉన్నది వేరే హీరో. ఆ ఆరు పేజీల్లో పుట్టినవాడే ప్లాస్టిక్ మ్యాన్. కోల్ మొదట అనుకున్న పేరు ఇండియా రబ్బర్ మ్యాన్. మనం పెన్సిల్ గీతలు చెరపడానికి వాడే రబ్బరుని వాళ్లు అప్పట్లో ఇండియా రబ్బర్ అనేవారు. ఆర్నాల్డ్ ఆ పేరు మార్పించాడు, ప్లాస్టిక్ అంటే అప్పుడు లోకమంతా వింతగా చూస్తున్న కొత్త పదార్థం మరి. అయిదో సంచికకల్లా ముఖచిత్రం ఇతనిదైపోయింది.

ఇప్పుడు కథ వినండి, ఇది మామూలు సూపర్ హీరో కథ కాదు. ఈల్ ఓబ్రయన్ అని ఒక దొంగ. ఈల్ అంటే పట్టుకుంటే జారిపోయే పాములాంటి చేప. ఇనప్పెట్టెలు తెరవడంలో సిద్ధహస్తుడు. ఒక రాత్రి ముఠాతో కలిసి రసాయనాల ఫ్యాక్టరీలో దొంగతనానికి వెళితే వాచ్‌మన్ కాల్చాడు, తూటా తగిలి తూలిపడటంలో యాసిడ్ మీద పడి గాయంలోకి దిగింది. ముఠా ఇతన్ని వదిలేసి కారెక్కి పారిపోయింది. పడుతూ లేస్తూ కొండెక్కి, స్పృహ తప్పి, కళ్లు తెరిచేసరికి సన్యాసుల మఠంలో ఉన్నాడు. పోలీసులు వెతుక్కుంటూ వస్తే, ఒక సన్యాసి ఇతన్ని చూపించకుండా పంపేశాడు, నీలో మంచివాడు ఉన్నాడనిపించింది అన్నాడు. అప్పుడు ఒళ్లు విరుచుకుంటే చెయ్యి సాగింది! ఇక తన బతుకు మార్చుకుని, అదే మొదటి కథలో తన పాత ముఠాని తానే పట్టించాడు.

దీంట్లో ఉన్న తెలివి చూడండి. ప్లాస్టిక్ మ్యాన్ పోలీసుల పక్షం, కానీ ఈల్ ఓబ్రయన్ పోలీసులు వెతుకుతున్న దొంగ. ఇద్దరూ ఒకడే. అవసరమైతే మొహం మార్చుకుని దొంగల గుంపులో ఈల్‌గా కూర్చుని కబుర్లు వింటాడు, బయటికొచ్చి ఎర్ర డ్రెస్ వేసుకుని వాళ్లనే పట్టుకుంటాడు. డిటెక్టివ్ కథలో మామూలుగా ముగ్గురుంటారు: నేరం చేసినవాడు, వెతికేవాడు, ఆధారం. ఇతను నేరం చేసినవాడే, వెతికేవాడే. ఇంక ఆధారం సంగతంటారా? అది కూడా ఇతనే! అదే నేను మీకు చూపించాలనుకున్నది.

అతని డ్రెస్ ఎర్రగా ఉంటుంది, నడుం దగ్గర పసుపూ నలుపూ చారలు. దొంగల గదిలోకి వెళ్లాలంటే ఆ రంగుల్లోనే ఏదో ఒక వస్తువు అయిపోతాడు. కుర్చీ అవుతాడు, దీపపు స్తంభం అవుతాడు, కిటికీ తెర అవుతాడు, నేల మీద తివాచీలా పరుచుకుంటాడు. ఆకారం మారుతుంది, రంగులు మాత్రం మారవు. దొంగలు ఆ కుర్చీలోనే కూర్చుని, ఆ తివాచీ మీదే నడుస్తూ, ప్లాన్ మొత్తం మాట్లాడుకుంటారు. వాళ్లకి కనిపించదు, మనకి కనిపిస్తుంది. ఒక్కోసారి మనకి కూడా వెంటనే కనిపించదు. బొమ్మ దాటి పోయాక, ఏదో అనుమానం వచ్చి, వెనక్కి వచ్చి చూస్తే, అదిగో, మూలన చారల దీపం! అప్పుడు వచ్చే నవ్వు ఉంది చూశారూ, అది జోక్ విన్నప్పుడు వచ్చే నవ్వూ, దొంగని పట్టుకున్నప్పుడు వచ్చే ఆనందమూ రెండూ కలిసినది. గుమ్మడికాయ పొడి భుజం మీద చూసినవాడి ఆనందం.

మా అక్క కూతురికి ఎనిమిదేళ్లు. ఇంగ్లీషు ఇంకా కూడబలుక్కుని చదువుతుంది. దానికి ఈ పుస్తకం చేతికిచ్చి, నేను మాటలు చదివి తెలుగులో చెబుదామని కూర్చుంటే, నేను నోరు తెరిచేలోపే వేలు పెట్టి చూపించేస్తోంది, ఇదిగో వీడు, ఇదిగో వీడు అని. ఒక్క మాట చదవకుండా కేసు తేల్చేస్తోంది! పిల్లలకి డిటెక్టివ్ కథ చదివించడం అంటే ఇదే కదా అనిపించింది నాకు.

కోల్ పేజీ కట్టే తీరు కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. ప్లాస్, అంటే మన ప్లాస్టిక్ మ్యాన్, అతని ఒళ్లు ఒక బొమ్మలోంచి సాగి, మెలికలు తిరిగి, మనం ఎటు చదవాలో అటే పోతుంది. ఎర్ర దారం పట్టుకుని పోయినట్టు కన్ను దాని వెంట పోతుంది. ఆ దారం పక్కనే, దానితో సంబంధం లేనట్టు, చిన్న చిన్న తమాషాలు పెడతాడు: వెనకాల నడిచిపోయేవాళ్ల మొహాలు, గోడల మీది రాతలు. మొదటిసారి చదివినప్పుడు కథ వెంట పరిగెత్తుతాం, రెండోసారి ఆ మూలలు చూస్తాం. తొలినాళ్లలో రాయడం, గీయడం, ఇంకు పెట్టడం, అక్షరాలు రాయడం దాదాపు అన్నీ తనే చేసుకున్నాడు కాబట్టే ఇది కుదిరింది. ఒకరు రాసి ఇంకొకరు గీస్తే మూలన దీపం ఎందుకుందో గీసేవాడికి తెలియదు.

తర్వాత ఊజీ వింక్స్ వచ్చాడు, 13వ సంచికలో, 1942 నవంబర్ తేదీతో. ఆకుపచ్చ మీద నల్లచుక్కల చొక్కా, గడ్డి టోపీ, బాన పొట్ట. నీళ్లలో మునిగిపోతున్న ఒక మంత్రగాణ్ణి కాపాడితే, ప్రకృతే నిన్ను కాపాడుతుంది, నీకు ఎవరూ హాని చెయ్యలేరు అని వరమిచ్చాడు. ఈ వరంతో మంచి చెయ్యాలా చెడు చెయ్యాలా అని ఊజీకి అర్థంకాక నాణెం ఎగరేశాడు. చెడు పడింది, దొంగ అయిపోయాడు. ప్లాస్ పట్టుకోబోతే పిడుగులు పడతాయి, వడగళ్లు పడతాయి. ఆఖరికి ఏం చేశాడు ప్లాస్? వాళ్లమ్మని గుర్తుచేశాడు. అంతే, ఊజీ ఏడ్చేశాడు, లొంగిపోయాడు. ఆ తర్వాత ఆ వరం సంగతి కోల్ మెల్లగా వదిలేశాడు. ఊజీ మాత్రం జేబులు కొట్టే అలవాటు పూర్తిగా మానకుండా, ప్లాస్‌తో పాటే ఉండిపోయాడు.

వీళ్లిద్దరిలో నవ్వించేవాడు ఎవరు? పైకి చూస్తే ఊజీ. కానీ విచిత్రం ఏంటంటే ఒళ్లంతా రబ్బరులా సాగేవాడు మొహంలో ఏ మార్పూ లేకుండా సీరియస్‌గా ఉంటాడు, మామూలు ఒళ్లున్నవాడు తిక్కగా ఉంటాడు. మనిషి ఒళ్లు ఇలా వంకర్లు పోతుంటే ఎవరూ ఆశ్చర్యపోకపోవడం, దాన్ని ఉద్యోగంలా చేసుకుపోవడం, అదే నాకు ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది. 1943లో ప్లాస్‌కి సొంత పుస్తకమే పెట్టారు. అది 1956 దాకా, 64 సంచికలు వచ్చింది.

ఇదే కోల్ 1947లో వేరే రకం కథ గీశాడు, 'ట్రూ క్రైమ్ కామిక్స్'లో, మత్తుమందుల గురించి. అందులో ఒక అమ్మాయి కంటి దగ్గరికి సూది వస్తున్న బొమ్మ ఉంది. 1954లో ఫ్రెడ్రిక్ వర్థమ్ అనే సైకియాట్రిస్ట్, కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయని రాసిన పుస్తకంలో ఆ బొమ్మని ఉదాహరణగా వేశాడు. ఆ ఏడాదే కామిక్స్ మీద అమెరికా సెనేట్ కమిటీ విచారణలు జరిగాయి, అక్టోబర్‌లో పబ్లిషర్లు తమకి తామే కామిక్స్ కోడ్ అని నియమాలు పెట్టుకున్నారు. ముఖచిత్రం మీద క్రైమ్ అన్న మాట పక్క మాటలకంటే పెద్దగా ఉండకూడదు. పోలీసుల మీద, జడ్జీల మీద, అధికారుల మీద గౌరవం తగ్గేలా చూపించకూడదు. పిల్లల గురించి తల్లిదండ్రులకి ఉన్న భయం అర్థం చేసుకోగలను, ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు నిజంగానే భయంకరంగా ఉండేవి. కానీ ఈ రెండో నియమం చూడండి. అధికారి పొరపాటు చెయ్యడు, తడబడడు అని ముందే తేల్చేస్తే డిటెక్టివ్ కథలో నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? తలగోక్కునే కమిషనర్ లేకుండా, ఆధారం మీదే కూర్చుని ఆధారం ఏదని అడిగే పోలీసాయన లేకుండా? మన మర్యాద రామన్న కథల్లో రాజోద్యోగులు బోల్తా పడకపోతే ఆ కథలకి ఏం మిగులుతుంది?

కోల్ అప్పటికే పక్కకి జరిగాడు. 1954 నుంచి ఒక పెద్దవాళ్ల పత్రికకి రంగుల కార్టూన్లు వేశాడు, చాలా పేరొచ్చింది. 1958 మేలో అతను చిన్నప్పటి నుంచీ కోరుకున్నది కూడా జరిగింది, దినపత్రికల్లో సొంత స్ట్రిప్. 'బెట్సీ అండ్ మీ' అని, ఒక భర్త తన సంసారం గురించి చెప్పుకునే కథ. అతను మాటల్లో అంతా అద్భుతంగా చెబుతుంటాడు, కింద బొమ్మలో జరిగేది వేరేగా ఉంటుంది. మాట ఒకటి, సాక్ష్యం ఒకటి. ఏది నిజమో మళ్లీ మనమే చూసి తెలుసుకోవాలి, డిటెక్టివ్ లేడు, దొంగ లేడు, అయినా అదే పని. మూడు నెలలు కూడా నిండకుండా, ఆగస్టు 13న, కోల్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. 43 ఏళ్లు. అంతకన్నా నేను ఏమీ చెప్పలేను. నవ్వించేవాళ్ల లోపల దుఃఖం ఉంటుంది అని పెద్ద పెద్ద మాటలు అనడం నాకు ఇష్టం లేదు, ఆయన గీసిన పేజీల్లో ఆనందం నిజమైనదే, చూస్తే తెలుస్తుంది.

చాలా ఏళ్లకి, 1999లో, ఆర్ట్ స్పీగెల్‌మన్ అనే పేరున్న కామిక్స్ చిత్రకారుడు 'న్యూయార్కర్' పత్రికలో కోల్ గురించి పెద్ద వ్యాసం రాశాడు. అది చాలామంది చేత కోల్‌ని మళ్లీ చదివించింది.

ఇంతసేపూ నోటితోనే చెప్పాను, బొమ్మల గురించి నోటితో చెప్పడం ఎంతవరకు కుదురుతుంది. దయచేసి వెనకాల ఉన్నవాళ్లు ఆ లైట్లు తీసేస్తారా. తెర మీద 1940ల నాటి ప్లాస్టిక్ మ్యాన్ పేజీ ఒకటి పెడుతున్నాను, మాటల బుడగలు నేనే తీసేశాను, చదవడానికి ఏమీ లేదు. గదిలో దొంగలు మాట్లాడుకుంటున్నారు. కిటికీ తెర చూడండి, కుర్చీ చూడండి, నేల చూడండి, తొందరేం లేదు. కనిపెట్టినవాళ్లు అరవకండి, పక్కవాళ్లని కూడా చూసుకోనివ్వండి, మెల్లగా చెయ్యి మాత్రం ఎత్తండి.